డెస్క్‌టాప్‌కు ట్రాక్‌ప్యాడ్: అయిదు వేలు పెట్టేముందు చూడాల్సిన అంకెలు

మౌస్‌కు 3.7 నుంచి 4.9. టచ్‌ప్యాడ్‌కు, అంటే ట్రాక్‌ప్యాడ్‌కు, 0.99 నుంచి 2.9. తెర మీద కర్సర్‌ను ఎంత వేగంగా, ఎంత గురిగా గమ్యం చేర్చగలమో చెప్పే లెక్క ఇది. కొలత సెకనుకు ఇన్ని బిట్లు అని. టొరంటోలోని యార్క్ యూనివర్సిటీకి చెందిన సౌకొరెఫ్, మెకంజీ అంతకుముందు జరిగిన ప్రయోగాల ఫలితాలను పక్కపక్కన పెట్టి 2004లో ఈ హద్దులు ప్రకటించారు. ట్రాక్‌ప్యాడ్ అమ్మే కంపెనీ ఏదీ ఈ అంకెను పెట్టె మీద వేయదు. గద్వాలలోనో, వనపర్తిలోనో, నాగర్‌కర్నూల్‌లోనో డెస్క్‌టాప్ ముందు కూర్చుని, మౌస్ తీసేసి ట్రాక్‌ప్యాడ్ పెట్టుకుందామా అని చూస్తున్నవారికి మొదట కావలసింది మాత్రం ఇదే.

ఈ బిట్ల లెక్కకు మూలం 1954లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఫిట్స్ చెప్పిన సూత్రం. గమ్యం దూరమయ్యేకొద్దీ, చిన్నదయ్యేకొద్దీ చేరడం కష్టం. కర్సర్‌కు 15 సెంటీమీటర్ల దూరంలో, 1 సెంటీమీటరు వెడల్పుతో ఒక బటన్ ఉందనుకోండి. దూరాన్ని వెడల్పుతో భాగించి 1 కలిపితే 16 వస్తుంది. నాలుగు రెండ్లను గుణిస్తే 16 కాబట్టి ఆ పని కష్టం 4 బిట్లు. పై హద్దుల నడిమి విలువలు తీసుకుంటే మౌస్‌తో ఆ బటన్‌ను అందుకోవడానికి 0.93 సెకను, టచ్‌ప్యాడ్‌తో 2.06 సెకన్లు పడతాయి.

తేడా సెకను పైచిల్లర. అదేం పెద్దది అనిపించవచ్చు. మీసేవ కేంద్రంలో ఆపరేటర్ ఆదాయ ధ్రువపత్రాలు, భూభారతి స్లాట్లు నింపుతూ రోజుకు 1,000 సార్లు ఇలా గురి చూసి నొక్కుతారనుకుందాం. రోజుకు దాదాపు 19 నిమిషాలు తేడా వస్తుంది. ఏడాదికి 300 పనిదినాలు వేసుకుంటే దాదాపు 94 గంటలు. వరసలో నిలబడ్డవాళ్ల గంటలు కూడా ఇందులోనే కరుగుతాయి.

ఒక్క మాట మాత్రం టచ్‌ప్యాడ్ తరఫున చెప్పాలి. ఆ ప్రయోగాలు పాతికేళ్ల కిందటి చిన్న చిన్న పలకల మీద జరిగినవి. నేటి పెద్ద పలక మీద, చేయి తిరిగినవాళ్లు పై హద్దు 2.9 అందుకుంటే అదే బటన్‌కు 1.38 సెకన్లు చాలు. అప్పుడు రోజుకు పోయేది 7 నిమిషాల పైచిలుకే. అయినా పోయేది పోయేదే. ఎంత మంచి ట్రాక్‌ప్యాడ్ కొన్నా గురి చూసి నొక్కే పనిలో నాలుగు వందల రూపాయల మౌస్‌ను దాటదు. ఈ సంగతి ఒప్పుకున్న తర్వాతే కొనుగోలు గురించి మాట్లాడుకోవడం మంచిది.

మరి ఎవరికి, ఎందుకు?

కారణాలు లేకపోలేదు. ఇరవై పేజీల పీడీఎఫ్‌ను, వెయ్యి వరసల ఎక్సెల్ పట్టికను రెండు వేళ్లతో జార్చుకుంటూ పోవడంలో ట్రాక్‌ప్యాడ్‌కు మౌస్ చక్రం సాటిరాదు. ల్యాప్‌టాప్ మీద నాలుగేళ్లు చదివి, తర్వాత దుకాణంలో డెస్క్‌టాప్ ముందు కూర్చున్న పిల్లలకు మూడు వేళ్లతో కిటికీలు మార్చడం అలవాటైపోయి ఉంటుంది. కౌంటర్ మీద అద్దం పరిచిన దుకాణాల్లో మామూలు ఆప్టికల్ మౌస్ మొరాయిస్తుంది. ట్రాక్‌ప్యాడ్‌కు కింద అద్దం ఉన్నా, నాపరాయి ఉన్నా ఒకటే. మౌస్ పట్టి పట్టి మణికట్టు నొప్పి పుట్టినవాళ్లు కొంతసేపు చేయి మార్చుకోవడానికి కూడా వాడతారు. నొప్పి తగ్గిస్తుందని మాత్రం దేన్నీ కొనకండి, దానికి డాక్టరున్నారు.

ఈ కథనంలో బడ్జెట్ అంటే 5,000 రూపాయల లోపు. ఆ గీత ఎక్కడి నుంచి వచ్చిందంటే, ట్రాక్‌ప్యాడ్‌లకు కొలబద్ద అనిపించుకునే ఆపిల్ మ్యాజిక్ ట్రాక్‌ప్యాడ్ మన దగ్గర పది వేలు దాటే ఉంటుంది. 2010 జులైలో అమెరికాలో మొదటిది వచ్చినప్పుడు 69 డాలర్లు, లోపల రెండు పెన్సిల్ సెల్స్. 2015 అక్టోబరులో రెండోది 129 డాలర్లకు వచ్చింది, రీచార్జ్ బ్యాటరీతో. 2024లో దానికి యూఎస్‌బీ-సీ రంధ్రం పెట్టారు. విండోస్ డెస్క్‌టాప్‌కు తగిలిస్తే అది నేరుగా పూర్తిగా పనిచేయదు, స్వచ్ఛందంగా ఎవరో రాసిన డ్రైవర్ వెతుక్కోవాలి. కాబట్టి విండోస్ వాడేవారికి ఇంకో కంపెనీ సరుకే దిక్కు. అయిదు వేలంటే ఆపిల్ ధరలో సగం లోపే. అంతకు మించి పెట్టేటట్టయితే ఆ డబ్బుతో ర్యామ్, ఎస్ఎస్‌డీ వేయించుకోవడం మేలని నా అభిప్రాయం.

విండోస్ దాన్ని ఏమనుకుంటోంది?

కొనేటప్పుడు చూడాల్సినవాటిలో ధర మూడోదో నాలుగోదో. మొదటిది, ఆ పలకను మీ కంప్యూటర్ టచ్‌ప్యాడ్‌గా గుర్తిస్తుందా, లేక మౌస్ అనుకుంటుందా అన్నది. ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. అందుకే కాస్త వివరంగా చెప్పుకోవాలి.

విండోస్ 8.1తో పాటు 2013లో మైక్రోసాఫ్ట్ ‘ప్రెసిషన్ టచ్‌ప్యాడ్’ అనే పద్ధతి తెచ్చింది. అంతకుముందు ఏ కంపెనీ పలకకు ఆ కంపెనీ డ్రైవరే ఉండేది. వేళ్ల కదలికకు అర్థం చెప్పేది ఆ డ్రైవరే. కొత్త పద్ధతిలో పలక చేసే పని ఒక్కటే: ఏ వేలు ఎక్కడ ఉందో ఎప్పటికప్పుడు కంప్యూటర్‌కు చెప్పడం. అది స్క్రోలా, జూమా, పేజీ మార్చడమా అని తేల్చేది విండోస్. దానికి మైక్రోసాఫ్ట్ పెట్టిన కనీస షరతులు కొన్ని అంకెల్లో ఉన్నాయి. ఒకేసారి 3 నుంచి 5 వేళ్లను గుర్తించాలి. అంగుళానికి కనీసం 300 చుక్కల సూక్ష్మత ఉండాలి. ఒక వేలు కదులుతున్నప్పుడు సెకనుకు కనీసం 125 సార్లు కబురు పంపాలి, అంటే 8 మిల్లీసెకన్లకు ఒకసారి. వేలు ఆనే పలక కనీసం 64 మిల్లీమీటర్ల పొడవు, 32 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలి.

చవక పలకల్లో చాలావాటి దారి వేరు. అవి కంప్యూటర్ దగ్గర తమను మౌస్‌గానూ కీబోర్డుగానూ చెప్పుకుంటాయి. మూడు వేళ్లు పైకి జరిపితే లోపలి చిప్ విండోస్ కీ, ట్యాబ్ కీ కలిపి నొక్కినట్టు సంకేతం పంపుతుంది. రెండు వేళ్లతో జరిపితే మౌస్ చక్రం తిప్పినట్టు పంపుతుంది. చూడటానికి పని జరిగినట్టే ఉంటుంది. కానీ విండోస్‌లో మౌస్ చక్రం ఒక మెట్టు విలువ 120, ఒక మెట్టుకు మామూలుగా 3 వరసలు కదులుతాయి. అందుకే పేజీ జారదు, మూడేసి వరసల చొప్పున గెంతుతుంది. వేలితో జార్చే సుఖం కోసమే ట్రాక్‌ప్యాడ్ కొన్నవారికి ఆ గెంతులు చూశాక మనసు విరిగిపోతుంది. ‘మల్టీటచ్ జెస్చర్స్’ అని పెట్టె మీద పెద్దక్షరాల్లో రాసి ఉండటం అబద్ధమేమీ కాదు, ఎలా చేస్తుందో రాయరు, అంతే.

తేల్చుకోవడం సులువు. విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి ‘బ్లూటూత్ అండ్ డివైసెస్’లోకి వెళ్లండి. డెస్క్‌టాప్‌లో మామూలుగా ‘టచ్‌ప్యాడ్’ అన్న పేజీయే కనిపించదు. పలక తగిలించాక ఆ పేజీ ప్రత్యక్షమైతే అది ప్రెసిషన్ జాతిది. విండోస్ 10లో ఆ పేజీ పైభాగంలో ‘మీ పీసీకి ప్రెసిషన్ టచ్‌ప్యాడ్ ఉంది’ అనే అర్థంలో ఇంగ్లిష్ వాక్యం కూడా పడుతుంది. పేజీ రాకుండా కర్సర్ మాత్రం కదిలితే మీరు కొన్నది బల్లపరుపు మౌస్. దుకాణంలో తగిలించి చూపించమంటే అర నిమిషం పని.

ఇక్కడ మన ఊళ్ల కంప్యూటర్ల వయసు సంగతి కూడా వస్తుంది. జిరాక్స్ సెంటర్లలో, పాత డీటీపీ షాపుల్లో విండోస్ 7 ఇంకా నడుస్తూనే ఉంది. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14న ఆగిపోయింది. విండోస్ 10కు 2025 అక్టోబరు 14న ఆగింది. విండోస్ 10లో ప్రెసిషన్ పలక చక్కగా పనిచేస్తుంది. విండోస్ 7లో మాత్రం ఎంత ఖరీదైన ప్రెసిషన్ పలక తగిలించినా ఒంటి వేలి మౌస్‌గానే ఉండిపోతుంది. అలాంటి కంప్యూటర్‌కు ట్రాక్‌ప్యాడ్ కొనడం దండగ. లైనక్స్ వాడేవారికి బెంగ లేదు, ప్రెసిషన్ పలకలు అక్కడ నేరుగా పనిచేస్తాయి. లైనక్స్ డెస్క్‌టాప్ గ్నోమ్‌లో 2021 మార్చిలో వచ్చిన 40వ వెర్షన్ నుంచి మూడు వేళ్ల కదలికలూ అందాయి. మ్యాక్ మినీ ఉన్నవారు మాత్రం పెట్టె మీద ‘విండోస్’ అని ఉంటే ఆ సరుకు జోలికి పోకపోవడమే మంచిది.

పది రూపాయల నోటుతో కొలత

తర్వాతి అంకె సైజు. ఆన్‌లైన్ ఫొటోలో ప్రతి పలకా చేటంత కనిపిస్తుంది. కొలవడానికి జేబులో ఉన్న వస్తువే చాలు. 2018లో వచ్చిన చాక్లెట్ రంగు పది రూపాయల నోటు 123 మిల్లీమీటర్ల పొడవు, 63 మిల్లీమీటర్ల వెడల్పు. దాన్ని పొడవునా ఒకసారి, అడ్డంగా ఒకసారి మడిస్తే వచ్చే పావు భాగం ఇంచుమించు మైక్రోసాఫ్ట్ చెప్పిన కనీస సైజు. ఆ ముక్క మీద వేలు తిప్పి చూడండి, ఎంత ఇరుకో తెలుస్తుంది.

సైజుకు సూక్ష్మతకు ముడి పెట్టి లెక్క వేద్దాం. అంగుళానికి 300 చుక్కలనుకుంటే 64 మిల్లీమీటర్ల పలక ఈ చివర నుంచి ఆ చివరకు 756 చుక్కలు. మామూలు ఫుల్ హెచ్‌డీ మానిటర్ అడ్డంగా 1,920 చుక్కలు. చుక్కకు చుక్క కదిలితే తెర ఎడమ అంచు నుంచి కుడి అంచుకు వెళ్లడానికి రెండున్నర సార్లు వేలు ఎత్తి పెట్టాలి. నోటు మొత్తం పొడవున్న పలకైతే 1,453 చుక్కలు, ఒకటికి కొంచెం ఎక్కువ. మ్యాజిక్ ట్రాక్‌ప్యాడ్ పొడవు 160 మిల్లీమీటర్లు, వెడల్పు 114.9. అదే లెక్కన 1,890 చుక్కలు, ఒక్క ఊపులో దాదాపు తెర దాటినంత. ఆ సైజు ఎందుకు పెట్టారో నాకు తెలియదు గానీ లెక్క మాత్రం ముచ్చటగా కుదిరింది.

నిజానికి వేలు వేగంగా కదిలితే కర్సర్ ఇంకా వేగంగా పరుగెత్తేలా విండోస్ సర్దుతుంది, కాబట్టి చిన్న పలక మీద కూడా ఒక్క ఊపులో తెర దాటవచ్చు. చిక్కు వచ్చేది చివర్లో. చిన్న పలక మీద వేగం పెంచుకుంటే చిన్న బటన్ దగ్గర కర్సర్ ఆగదు, దాటిపోయి వెనక్కి రావాలి. మొదట చెప్పిన బిట్లు ఇక్కడే జారిపోతాయి. అందుకే మడవని పది నోటు కన్నా చిన్న పలక డెస్క్‌టాప్‌కు వద్దంటాను. వివరాల్లో ఇచ్చే కొలత చాలాసార్లు బయటి చట్రానిది, వేలు పనిచేసే భాగం అందులో ఒకటిన్నర సెంటీమీటరు తక్కువ ఉండవచ్చు. అడిగి తెలుసుకోవాలి.

మన దగ్గర తేలికగా దొరికే లాజిటెక్ కె400 ప్లస్‌ను ఈ కొలతతో చూడండి. ఇది కీబోర్డు, కుడి చివర టచ్‌ప్యాడ్ అతికించి ఉంటుంది. ఆ పలక మూల నుంచి మూలకు 3.5 అంగుళాలు, అంటే 89 మిల్లీమీటర్లు. నోటు మూల నుంచి మూలకు 138. టీవీకి తగిలించి సోఫాలో కూర్చుని వాడటానికి చేసిన వస్తువది, ఆ పనికి బాగుంటుంది. కానీ దానికి పక్కన అంకెల కీలు లేవు. ట్యాలీలో బిల్లులు కొట్టే ఎరువుల దుకాణంలో, విత్తన పత్తి లెక్కలు రాసే గద్వాల ఆఫీసుల్లో అంకెల కీలు లేని కీబోర్డు పెడితే గుమాస్తా మరునాడే తీసి అటక మీద పెడతాడు. పైగా అది ప్రెసిషన్ పద్ధతిది కాదు.

విడి పలకల్లో పెరిక్స్ కంపెనీ పెరిప్యాడ్ వరస, ప్రోటోఆర్క్, సీండా లాంటి పేర్లు ఆన్‌లైన్‌లో కనిపిస్తాయి. ఒకే కంపెనీలో ఒక మోడల్ ప్రెసిషన్, ఇంకోటి మౌస్ వేషం కావడం మామూలే, కాబట్టి కంపెనీ పేరు చూసి కాదు, మోడల్ నంబరు చూసి కొనాలి. పాత సామాన్లలో లాజిటెక్ టీ650 ఎదురుపడితే అద్దం పలక చూసి ముచ్చటపడతారు. అది 2012లో విండోస్ 8 కోసం వచ్చింది, ప్రెసిషన్ పద్ధతి కన్నా ఏడాది ముందు. కంపెనీ సాఫ్ట్‌వేర్ మీద బతికే వస్తువు, ఇప్పుడు తయారు చేయడం లేదు.

వైరా, డాంగిలా, బ్లూటూతా?

నా ఓటు వైరుకే. డెస్క్‌టాప్ కదలదు, పక్కన పెట్టిన పలకా కదలదు, మధ్యలో తీగ లేకపోతే వచ్చే లాభం బల్ల నీటుగా కనబడటమే. వైరు పలకకు చార్జింగ్ అక్కర్లేదు. యూఎస్‌బీ 2.0 పోర్టు 5 వోల్టుల మీద 500 మిల్లీయాంపులు, అంటే 2.5 వాట్ల దాకా ఇవ్వగలదు; పలకకు కావలసింది అందులో కొద్ది భాగమే కాబట్టి యూపీఎస్ మీద భారమూ పడదు.

వైర్‌లెస్ పెట్టె మీద ‘ఒకసారి చార్జ్ చేస్తే 30 రోజులు’ అని ఉంటే రోజుకు ఎన్ని గంటల లెక్కో చూడండి. లోపల 500 మిల్లీయాంప్-అవర్ బ్యాటరీ ఉండి, వాడుకలో 5 మిల్లీయాంపులు తాగుతుందనుకుంటే 100 గంటలు వస్తుంది. రోజుకు 3 గంటలు వాడేవారికి అది నెల. పొద్దున తొమ్మిదికి షట్టర్ ఎత్తి రాత్రి ఏడుకు దించే దుకాణానికి 10 రోజులు.

పాత డెస్క్‌టాప్‌లలో బ్లూటూత్ ఉండదు, అడాప్టర్‌కు ఇంకో నాలుగైదు వందలు వేసుకోవాలి. డాంగిల్‌తో వచ్చేవాటికి ఆ బాధ లేదు గానీ వేరే బాధ ఉంది. డాంగిల్, బ్లూటూత్, వైఫై అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కలే మాట్లాడుకుంటాయి. యూఎస్‌బీ 3.0 పోర్టు నుంచి అదే జాగాలో రేడియో రొద పుడుతుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో చెప్పింది. నీలం రంగు పోర్టులో పెన్‌డ్రైవ్, పక్క పోర్టులో డాంగిల్ ఉంటే కాపీ అవుతున్నంతసేపు కర్సర్ తడబడటానికి కారణం అదే కావచ్చు. డాంగిల్‌ను నల్ల పోర్టుకు మార్చి, చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో బల్ల మీదికి తెస్తే చాలావరకు సర్దుకుంటుంది.

వైరు పలకకు శత్రువు ఇంకోటుంది, ఎర్తింగ్. ట్రాక్‌ప్యాడ్ వేలి బరువును చూడదు. పలక కింద అల్లిన సన్నని తీగల మధ్య విద్యుత్ ఆవేశం నిలిచే గుణాన్ని వేలు ఎంత మార్చిందో చూస్తుంది. 1988లో జార్జ్ గెర్ఫైడ్ రూపొందించిన ఈ కిటుకే 1994లో ఆపిల్ పవర్‌బుక్ 500 ల్యాప్‌టాప్‌లోకి ఎక్కింది. ఇప్పటికీ అదే సూత్రం. ఎర్త్ సరిగా లేని లైన్ నుంచి వచ్చే 50 హెర్ట్జ్ రొద, ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చే రొద క్యాబినెట్ మీదుగా పలకలోకి చేరితే ఆ కొలత చెదిరిపోతుంది. వేలు కదలకపోయినా కర్సర్ వణుకుతుంది, నొక్కకపోయినా క్లిక్ పడుతుంది. పలక పాడైందనుకుని మార్చుకుంటే కొత్తదీ అలాగే వణుకుతుంది.

అద్దె గదుల్లో మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది గానీ మూడో రంధ్రం వెనక తీగ ఉండదు. ఉన్నచోట కూడా ఎర్త్ గుంత మేలో ఎండి గట్టిపడిపోతుంది. క్యాబినెట్ ఇనుప భాగం తాకితే సన్నగా జిల్లుమంటోందంటే అదే గుర్తు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య ఎంత ఉందో చూడమనండి. రెండు మూడు వోల్టులు దాటితే పనుంది. గుంతలో ఉప్పు, బొగ్గు మార్పించి నీళ్లు పోయించే ఖర్చు ట్రాక్‌ప్యాడ్ ఖర్చు కన్నా ముందు పెట్టాల్సింది, మనిషి ప్రాణానికి కూడా అదే రక్ష.

ఎండాకాలం ఇంకో ఇబ్బంది చెమట. ఏప్రిల్, మే నెలల్లో పాలమూరు ఎండ నలభై డిగ్రీలు దాటినప్పుడు తడి వేలి కింద ఉప్పు నీటి పొర పలకకు వేలు లాగే అనిపిస్తుంది, కర్సర్ గెంతుతుంది. పక్కన నూలు గుడ్డ ఉంచుకుంటే చాలు. దుమ్ము సంగతిలో మాత్రం ట్రాక్‌ప్యాడ్ మౌస్ కన్నా నయం, కింద కన్ను లేదు, పక్కన చక్రం లేదు, తుడిస్తే పోతుంది.

పనిని బట్టి

డీటీపీ షాపు వాళ్లకు నేరుగా చెప్పేస్తాను, మౌస్ వదలకండి. పెళ్లి పత్రికలో అక్షరాన్ని పట్టుకుని లాగి సరిగ్గా గీత మీద కూర్చోబెట్టడం, కోరెల్‌డ్రాలో వంపు తిప్పడం నొక్కి పట్టి లాగే పనులు. ట్రాక్‌ప్యాడ్ బలహీనత సరిగ్గా అక్కడే. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001 నాటిది, రెండు వేళ్ల జూమ్ కోసం రాసింది కాదు. పాత సాఫ్ట్‌వేర్‌తో పని ఉన్నవారు కొనేముందు ఆ సాఫ్ట్‌వేర్‌నే తెరిచి పరీక్షించాలి, బ్రౌజర్ తెరిచి కాదు.

గద్వాల చీర డిజైన్లను కంప్యూటర్ మీద గళ్లలో నింపేవారిది ఇంకో లెక్క. కొంగు, అంచు జాకార్డ్ మీదికి వెళ్లాలంటే ఒక్కో గడి రంగు నిర్ణయించాలి. 400 గళ్ల వెడల్పు, 400 గళ్ల ఎత్తున్న బుటా అంటే 1,60,000 గళ్లు. అన్నీ ఒక్కొక్కటిగా నింపరు గానీ అంచులు సరిచేసేది చేత్తోనే. రెండున్నర, మూడు వేలు పెట్టాలనుకుంటే ఆ డబ్బుకు చిన్న పెన్ టాబ్లెట్ వస్తుంది. గ్రాఫ్ కాగితం మీద పెన్సిల్ పట్టిన చేతికి అది త్వరగా అలవాటవుతుంది. ట్రాక్‌ప్యాడ్ ఈ పనికి తగదు.

వనపర్తి పాలిటెక్నిక్ విద్యార్థులో, పోటీ పరీక్షలకు నాగర్‌కర్నూల్‌లో గది తీసుకుని చదువుకునేవాళ్లో అయితే సంగతి వేరు. చదవడం, వీడియోలు, పీడీఎఫ్‌లు, రెండు మూడు కిటికీల మధ్య మారడం. నొక్కడం తక్కువ, జార్చడం ఎక్కువ. ట్రాక్‌ప్యాడ్ నిజంగా పనికొచ్చేది వీళ్లకే, పద్దులు చూసేవాళ్లకే.

వీళ్లకు కూడా మౌస్ తీసేయమని నా సలహా కాదు. మౌస్ కుడి పక్కనే ఉంచి, ట్రాక్‌ప్యాడ్‌ను ఎడమ పక్కన పెట్టండి. మామూలు పెద్ద కీబోర్డు 44 సెంటీమీటర్ల దాకా పొడవుంటుంది; కుడి వైపు అంకెల కీలు దాటి పలక పెడితే చేయి బాగా చాచాలి, భుజం పడుతుంది. ఎడమ వైపు అంకెల కీలు లేవు కాబట్టి పలక దగ్గరగా కూర్చుంటుంది. ఎడమ చేత్తో పట్టిక జార్చుతూ, జూమ్ చేస్తూ, కుడి చేత్తో గురి చూసి నొక్కడం. ఒక వారం వింతగా ఉంటుంది. తర్వాత మౌస్ నడిమి విలువ 4.3 బిట్లూ మీవే, పేజీ జారే సుఖమూ మీదే. ఎడమ చేతికి గురి అక్కర్లేదు కాబట్టి పలక కొంచెం చిన్నదైనా ఫరవాలేదు, ధర కూడా దిగుతుంది.

ఎక్కడ కొనాలి?

మూడు ఊళ్లలోనూ కంప్యూటర్ దుకాణాలున్నాయి. వెళ్లి అడిగితే “ఏ మోడల్ ల్యాప్‌టాప్‌కు అన్నా?” అని ఎదురు ప్రశ్న వస్తుంది, విడి భాగం అనుకుంటారు. డెస్క్‌టాప్‌కు బయట తగిలించేది అంటే “తెప్పిస్తా సార్, రెండు రోజులు ఆగండి” అంటారు. తెప్పించేది ఎక్కువగా హైదరాబాద్ నుంచే. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు మీరే వెళ్లి చూసి కొనవచ్చు. గద్వాల నుంచి హైదరాబాద్ సుమారు 190 కిలోమీటర్లు, వనపర్తి నుంచి 150, నాగర్‌కర్నూల్ నుంచి 120 పైన. గద్వాల వాళ్లకు కర్నూలు అయినా రాయచూరు అయినా 60 కిలోమీటర్ల దరిదాపుల్లోనే. ఒక్క పలక కోసం 380 కిలోమీటర్లు తిరగడం లెక్కకు రాదు, ఇంకో పని కలిసొస్తేనే. మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు, కాబట్టి ఈ లెక్క ఇంట్లో ఎవరు వెళ్తారన్నదాన్ని బట్టి కూడా మారుతుంది.

దుకాణంలో తెప్పిస్తే రెండు మూడు వందలు ఎక్కువ తీసుకోవచ్చు. ఇవ్వండి. తగిలించి చూపించమనండి, సెట్టింగ్స్‌లో ఆ పేజీ రాకపోతే తీసుకోననీ ముందే చెప్పండి. జీఎస్టీ బిల్లు అడగండి. 5,000 బిల్లులో 18 శాతం పన్ను అంటే వస్తువు ధర 4,237, పన్ను 763. ఆ 763 తగ్గిస్తానని దుకాణదారు తెల్ల కాగితం మీద రాసిస్తే వారంటీ అడిగే రోజున చేతిలో ఏమీ ఉండదు.

ఆన్‌లైన్ అయితే కొనేముందు మీ పిన్‌కోడ్ వేసి చూడండి: గద్వాల 509125, వనపర్తి 509103, నాగర్‌కర్నూల్ 509209. డెలివరీ ఎన్నాళ్లకు వస్తుందన్నది కాదు ముఖ్యం, వెనక్కి తీసుకెళ్తారా అన్నది. కంప్యూటర్ సామాన్లకు చాలాచోట్ల 7 రోజుల రీప్లేస్‌మెంట్ మాత్రమే ఉంటుంది, డబ్బు తిరిగిరాదు. ప్రెసిషన్ కాని పలకకు బదులు ఇంకో ప్రెసిషన్ కాని పలక వస్తుందన్నమాట. అందుకే ఆర్డర్ పెట్టకముందే అమ్మకందారుకు ప్రశ్న రాసి, ‘విండోస్ ప్రెసిషన్ టచ్‌ప్యాడ్’ అని రాతలో జవాబు తెప్పించుకోండి. ఆ జవాబు స్క్రీన్‌షాట్ దాచండి. చెప్పింది ఒకటి, పంపింది ఒకటి అయితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అది లోపమే. జాతీయ హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. జిల్లా కమిషన్‌లో 5 లక్షల లోపు ఫిర్యాదుకు ఫీజు లేదు.

పెట్టె చేతికొచ్చాక దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం, ఎంఆర్‌పీ ముద్రించి ఉన్నాయో లేదో చూడండి. చట్టం ప్రకారం ఉండాలి. లేకపోతే దానికి వారంటీ ఇచ్చేవాళ్లెవరూ ఇక్కడ లేరని అర్థం. విప్పుతున్నప్పుడు వీడియో తీయండి. ఆ ఏడు రోజుల్లో మొదటి రోజే మీరు నిజంగా వాడే సాఫ్ట్‌వేర్‌లో నాలుగు గంటలు పని చేయండి. మూలల్లో వేలు పెట్టి చూడండి, చవక పలకలు అంచుల దగ్గర వేలిని మరిచిపోతాయి. పలకను నొక్కి క్లిక్ చేసే రకమైతే పై అంచు దగ్గర నొక్కండి. చాలావాటికి మడత బందు పైనే ఉంటుంది, అక్కడ బిగుసుకుపోతుంది. వేలితో తట్టి క్లిక్ చేసే అలవాటుంటే అది పెద్ద లోపం కాదు. కరెంటు ఉన్నప్పుడు ఒకసారి, యూపీఎస్ మీద ఒకసారి కర్సర్ వణుకు చూడండి. కరెంటు మీద వణికి, యూపీఎస్ మీద నిలకడగా ఉంటే ముందు గోడలోని లైన్‌ను, ఎర్తింగ్‌ను అనుమానించండి, పలకను వెనక్కి పంపే తొందర పడకండి. రెండింటి మీదా వణికితే మాత్రం ఏడో రోజు దాకా ఆగకండి.